పప్పీ ఫుడ్ సంచి మీద ‘ఫ్యాట్ 14%’ అని ఉంటే చాలా? కొవ్వు నాణ్యత మీరే చూసుకునే పద్ధతి

కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: పప్పీ ఫుడ్‌లో ఫ్యాట్ ఎంత శాతం ఉండాలి? దానికి జవాబు చిన్నదే. పెరిగే పిల్లకు తేమ తీసేసిన లెక్కలో కనీసం 8.5 శాతం ఉండాలని అమెరికాలో పశువుల మేత ప్రమాణాలు చూసే ఏఏఎఫ్‌సీఓ, యూరప్‌లో పెంపుడు జంతువుల ఆహార కంపెనీల సమాఖ్య ఫెడియాఫ్ రెండూ చెబుతున్నాయి. అయితే ఆ గీత దాటని పప్పీ ఫుడ్ దుకాణంలో కనబడడమే అరుదు. కాబట్టి ఆ ప్రశ్న పట్టుకుని వెళితే అన్ని సంచులూ పాసైపోతాయి.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ కొవ్వు దేని నుంచి వచ్చింది? పిల్లకు తప్పనిసరైన కొవ్వు ఆమ్లాలు అందులో ఉన్నాయా? గిన్నెలో పోసే రోజుకి ఆ నూనె పాడవకుండా ఉందా? మొదటి రెండూ లేబుల్ చదివితే తెలుస్తాయి. మూడోది లేబుల్ మీద ఉండదు. మే నెలలో గోడౌన్‌లో, డెలివరీ వ్యానులో, మీ వంటింట్లో జరిగేది ఏ కంపెనీ అచ్చు వేస్తుంది?

చాలా ఊళ్లలో ఏ కంపెనీ డ్రై ఫుడ్‌నైనా ‘పెడిగ్రీ’ అనే పిలుస్తారు. ఇక్కడ చెప్పేది ఏ ఒక్క బ్రాండు గురించీ కాదు, గింజలుగా వచ్చే పొడి ఆహారం అంతటి గురించి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- సంచి వెనకవైపు స్పష్టంగా తీసిన ఫొటో: పదార్థాల జాబితా, విశ్లేషణ పట్టిక, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు అన్నీ పడాలి
- ఫోన్‌లో క్యాలిక్యులేటర్
- గ్రాముల్లో చూపే వంటింటి తూకం
- మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా, సంచి మొత్తంగా లోపల పట్టేంతది
- రెండు మూడు జిప్ కవర్లు, ఫ్రీజర్‌లో కాస్త చోటు
- మార్కర్ పెన్ను

1. ముందు ‘ఎవరి కోసం’ అన్న వాక్యం వెతకండి

సంచి ముందువైపు పిల్ల బొమ్మ ఉన్నంత మాత్రాన అది పప్పీ ఫుడ్ కాదు. వెనక చిన్న అక్షరాల్లో ‘గ్రోత్’ అనో, ‘ఆల్ లైఫ్ స్టేజెస్’ అనో ఉండాలి. ‘మెయింటెనెన్స్’ అని మాత్రమే ఉంటే అది పెద్ద కుక్కలది. పెద్దవాటికి కొవ్వు కనీసం 5.5 శాతం ఉంటే చాలు, చేపనూనెలో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా 3 కొవ్వులకు కనీస నియమమే లేదు. పిల్లకు అది పనికిరాదు.

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతి పిల్లయితే ఇంకో మాట కూడా ఉండాలి: పెద్దయ్యాక 70 పౌండ్లు, అంటే దాదాపు 32 కిలోలు దాటే కుక్కల పెరుగుదలకూ సరిపోతుందని. ఆ మాట ఉన్న ఫుడ్‌లో క్యాల్షియం 1.8 శాతం మించదు. మామూలు పప్పీ ఫుడ్‌లో 2.5 దాకా ఉండొచ్చు.

‘ఏఏఎఫ్‌సీఓ అప్రూవ్డ్’ అని రాసుంటే మురిసిపోకండి. ఆ సంస్థ ప్రమాణాలు రాస్తుందే తప్ప ఏ ఫుడ్‌నూ పరీక్షించి ముద్ర వేయదు. ‘ఆ ప్రమాణాలకు తగినట్టు తయారుచేశాం’ అన్నది సరైన వాక్యం. అప్రూవ్డ్ అని రాసినవాళ్లకు ఆ తేడా తెలియదు, లేదా మీకు తెలియదని వాళ్ల నమ్మకం.

2. తేమ తీసేసి లెక్క వేయండి

రెండు సంచుల ఫ్యాట్ శాతాలను నేరుగా పోల్చకండి. ముందు ఇలా మార్చుకోండి:

ఫ్యాట్ శాతం ÷ (100 − తేమ శాతం) × 100

ఫ్యాట్ 14, తేమ 10 అని ఉంటే: 14 ÷ 90 × 100 = 15.6 శాతం. డ్రై ఫుడ్‌లన్నిటిలో తేమ ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి వాటి మధ్య పెద్ద తేడా రాదు. తడి ఫుడ్ పౌచ్‌తో పోల్చేటప్పుడు మాత్రం ఈ లెక్క లేకుండా ముందుకు పోవద్దు. పౌచ్ మీద ‘ఫ్యాట్ 3%’ చూసి తక్కువనుకుంటారు. తేమ 82 శాతమైతే అది నిజానికి 16.7.

తర్వాతది క్యాలరీల లెక్క. అసలు ఉపయోగం దీనిదే. వంద గ్రాముల ఫుడ్‌కి:

- పిండి పదార్థం = 100 − (ప్రొటీన్ + ఫ్యాట్ + పీచు + బూడిద + తేమ). బూడిద అంటే ‘యాష్’. అది రాయకపోతే 8 అనుకోండి
- ప్రొటీన్ × 3.5
- ఫ్యాట్ × 8.5
- పిండి పదార్థం × 3.5

ఉదాహరణకి ప్రొటీన్ 28, ఫ్యాట్ 14, పీచు 4, యాష్ 8, తేమ 10. పిండి పదార్థం 36 వస్తుంది. 98 + 119 + 126 = 343 కిలో క్యాలరీలు. ఇంకో సంచి: ప్రొటీన్ 24, ఫ్యాట్ 10, పీచు 5, యాష్ 9, తేమ 10. పిండి పదార్థం 42. 84 + 85 + 147 = 316. ధర పోల్చేటప్పుడు కిలోకి ఎంత అని కాకుండా వెయ్యి క్యాలరీలకు ఎంత అని పోల్చండి. చవకగా కనబడిన సంచి కొన్నిసార్లు అంత చవకగా ఉండదు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. పట్టికలో ప్రొటీన్, ఫ్యాట్ పక్కన ‘కనీసం’ అని, తేమ, పీచు పక్కన ‘గరిష్ఠం’ అని ఉంటుంది. కనీసం 14 అంటే లోపల 16 ఉన్నా తప్పు కాదు. అందుకని ఈ లెక్క అంచనాయే. కంపెనీ క్యాలరీల అంకె అచ్చు వేసి ఉంటే దాన్నే తీసుకోండి.

మరి ఎంత మంచిది? చిన్న జాతులకు, అంటే షిట్జు, పొమేరియన్, పగ్ లాంటి పిల్లలకు తేమ తీసేసిన లెక్కలో 15 నుంచి 20 వరకు హాయిగా సరిపోతుంది. పెద్ద జాతులకు 12 నుంచి 16 చాలు. పెద్ద జాతి పిల్లకి కొవ్వు విషం కాదు. అక్కర్లేనన్ని క్యాలరీలతో త్వరగా బరువెక్కితే లేత కీళ్లు మోయలేవు, ఇబ్బంది అక్కడ. కొవ్వు ఎక్కువున్న ఫుడ్‌లో గింజలు కాస్త ఎక్కువ పడినా క్యాలరీలు చాలా పెరుగుతాయి.

3. కొవ్వు పేరు చదవండి

పదార్థాల జాబితా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు ఉంటుంది. అందులో కొవ్వు లేదా నూనె పేరు వెతకండి. జంతువు పేరు, గింజ పేరు చెప్పి రాసినది మంచిది: చికెన్ ఫ్యాట్, సోయాబీన్ ఆయిల్, ఫిష్ ఆయిల్. ‘యానిమల్ ఫ్యాట్’, ‘ఎడిబుల్ ఆయిల్’, ‘వెజిటబుల్ ఆయిల్’ అని వదిలేస్తే ఈ నెల ఏది చవకైతే అది పడుతుందని అర్థం చేసుకోవచ్చు. అది హానికరమని కాదు. బ్యాచ్ బ్యాచ్‌కీ మారినా మీకు తెలిసే దారి ఉండదు.

పేరు ఎందుకంత ముఖ్యం? పిల్లకు తప్పనిసరైన లినోలిక్ ఆమ్లం వంద గ్రాముల పొడి పదార్థంలో 1.3 గ్రాములు ఉండాలి. కుక్క శరీరం దాన్ని తయారుచేసుకోలేదు. కేవలం ఒకే కొవ్వు నుంచి అంత రావాలంటే ఎంత కలపాలో చూడండి:

- సోయాబీన్ నూనె: సుమారు 2.6 గ్రాములు
- తవుడు నూనె: సుమారు 4 గ్రాములు
- చికెన్ ఫ్యాట్: సుమారు 6.5 గ్రాములు
- పామాయిల్: 13, 14 గ్రాములు
- బీఫ్ టాలో (గొడ్డు కొవ్వు): 40 గ్రాముల పైన
- కొబ్బరినూనె: 70 గ్రాముల పైన

చివరి రెండూ అసలు సాధ్యం కావు. కాబట్టి ‘ఫ్యాట్ 14%’ అన్న అంకె ఒకటే అయినా అది చికెన్‌దైతే ఒక కథ, టాలోదైతే వేరే కథ. నిజానికి మొక్కజొన్న, చికెన్ మీల్ (ఎండబెట్టి పొడి చేసిన చికెన్) లాంటివాటి నుంచి కూడా కొంత లినోలిక్ వస్తుంది, అందుకే టాలో వాడిన ఫుడ్ కూడా ప్రమాణం అందుకోవచ్చు. కానీ విశ్లేషణ పట్టికలో ‘లినోలిక్ యాసిడ్’ లేదా ‘ఒమేగా 6’ అని విడిగా అంకె ఇచ్చిన సంచికే ఓటు వేయండి.

కొవ్వు పేరు ఎక్కడా లేదా? కంగారు పడకండి. చికెన్ మీల్, ఫిష్ మీల్‌లోనే కొంత కొవ్వు ఉంటుంది. అయితే ఫ్యాట్ 12 శాతం పైన ఉండి జాబితాలో నూనె పేరే కనబడకపోతే కంపెనీని అడగాల్సిందే.

4. డీహెచ్ఏ కోసం చేపను వెతకండి, అవిసెను కాదు

మెదడు, కంటి రెటీనా ఎదుగుదలకు కావలసింది డీహెచ్ఏ. పెరిగే పిల్లకు ఈపీఏ, డీహెచ్ఏ కలిపి పొడి పదార్థంలో కనీసం 0.05 శాతం. అంటే కిలోకి అర గ్రాము. అవిసె గింజల్లో ఉండేది ఏఎల్ఏ అనే వేరే ఒమేగా 3. పాలు మానేసిన పిల్ల దాని నుంచి డీహెచ్ఏ తయారుచేసుకోగలిగేది చాలా కొంచెం. కాబట్టి ‘రిచ్ ఇన్ ఒమేగా 3’ అన్న అక్షరాల వెనక అవిసె మాత్రమే ఉంటే ఆ మాటను సగానికి కోసుకోండి. ఫిష్ ఆయిల్, సాల్మన్ ఆయిల్, ఫిష్ మీల్, మెరైన్ ఆల్గే, వీటిలో ఏదో ఒకటి ఉండాలి.

విటమిన్ల వరస మొదలయ్యాక, జాబితా చిట్టచివర ఫిష్ ఆయిల్ ఉంటే పేరుకే ఉందేమో అనిపిస్తుంది. అక్కడ తొందరపడొద్దు. కావలసిందే కొంచెం కాబట్టి చివరన ఉన్నా సరిపోవచ్చు. తేల్చేది పట్టికలోని డీహెచ్ఏ అంకె. ఒమేగా 6, ఒమేగా 3 రెండూ ఇచ్చి ఉంటే మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 30 దాటకూడదన్నది ఏఏఎఫ్‌సీఓ గీత. 5 నుంచి 10 మధ్య వస్తే చక్కగా ఉన్నట్టు.

5. నూనెను కాపాడేది ఏమిటో చూడండి

డ్రై ఫుడ్ గింజను వేడిలో, ఒత్తిడిలో ఉబ్బించి ఆరబెట్టాక పైన కొవ్వు చల్లుతారు. గింజ లోపల స్పంజిలా రంధ్రాలుంటాయి. అందుకే గాలి తగిలే వైశాల్యం ఎక్కువ, నూనె త్వరగా పాడవుతుంది. దాన్ని ఆపడానికి యాంటీఆక్సిడెంట్ కలపాలి. ‘మిక్స్‌డ్ టోకోఫెరాల్స్’ (విటమిన్ ఈ రకాలు), ‘రోజ్‌మేరీ ఎక్స్‌ట్రాక్ట్’ అని ఉంటే సహజమైనవి. బీహెచ్ఏ, బీహెచ్‌టీ కృత్రిమం. ఎథాక్సీక్విన్ అనే ఇంకో కృత్రిమ రసాయనాన్ని యూరప్ 2017లో నిలిపివేసింది.

సహజం మంచిది, కృత్రిమం చెడ్డది అని తేల్చేయడం సులువే. కానీ టోకోఫెరాల్స్ రక్షణ తొందరగా ఖర్చయిపోతుంది. సహజమైనవి వాడిన సంచిని ఇంకా తాజాగా కొనాలి, ఇంకా త్వరగా ముగించాలి. ‘నో ప్రిజర్వేటివ్స్’ అని గొప్పగా రాసినదాన్ని చూసి భయపడండి. చేపనూనె ఉండి, దాన్ని కాపాడేదేమీ లేకపోతే మన ఎండలకు అది నిలవదు.

పాడైన నూనెతో పిల్లకు ఏమవుతుందో ఊహించనక్కర్లేదు. ఆక్సీకరణ చెందిన కొవ్వు తిన్న కూన్‌హౌండ్ జాతి కుక్కపిల్లల్లో పెరుగుదల, ఎముకల నిర్మాణం, రోగనిరోధక శక్తి తగ్గాయని 2003లో అచ్చైన పరిశోధన చూపించింది. విటమిన్ ఈ కూడా ఆ నూనెతో పాటే హరించుకుపోతుంది.

6. దుకాణంలో తేదీ, సీలు, చోటు చూడండి

- ‘బెస్ట్ బిఫోర్’ కాకుండా తయారీ తేదీ చూడండి. ఏడాది, ఏడాదిన్నర గడువు ఇస్తారు, అది సీలు విప్పని, చల్లటి చోట ఉంచిన సంచికి. తయారై ఆరు నెలల లోపుదైతే తీసుకోండి. దిగుమతి సరుకైతే ఓడలో, గోడౌన్‌లో గడిపిన నెలలు కూడా అందులో కలిసే ఉంటాయి.
- ఎండ పడే షట్టర్ పక్కన, రేకుల షెడ్డులో పేర్చిన సంచులు వద్దు. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది.
- సంచిని మెల్లగా నొక్కండి. కుట్టు దగ్గర గాలి బుస్సుమంటే సీలు పోయినట్టే. కాగితపు సంచి బయటికి నూనె మరకలు తేలినా వదిలేయండి.
- పెద్ద సంచి విప్పి కిలోల లెక్కన తూచి ఇచ్చే లూజు ఫుడ్ కొనకండి. ఎప్పుడు విప్పారో, ఏ బ్యాచో, పాత గింజల మీద కొత్తవి పోశారో ఏదీ తెలియదు. డబ్బు ఇబ్బందైతే అదే ఫుడ్‌లో కంపెనీ సీలున్న చిన్న ప్యాకెట్, లేదా ఒక మెట్టు చవకదైన ఫుడ్‌లో సీలున్న ప్యాకెట్ తీసుకోండి. ఖరీదైన ఫుడ్ లూజుగా కొనడం కన్నా ఇది మేలు.

7. సంచి సైజు పిల్లను బట్టి ఎంచుకోండి

అందరూ తప్పేది ఇక్కడే. పది కిలోల సంచి మీద తగ్గింపు ఎక్కువ. రెండు కిలోల షిట్జు పిల్లకు అది మూడు నెలలు వస్తుంది. మొదటి నెల తర్వాత తినేది పాత నూనె.

లెక్క ఇలా: పిల్ల బరువును మూడుసార్లు గుణించండి (బరువు × బరువు × బరువు), వచ్చినదానికి వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కండి, 70తో గుణించండి. నాలుగు నెలల లోపు పిల్లకు దాన్ని 3తో, ఆ తర్వాత పెద్దయ్యేదాకా 2తో గుణించండి. రోజుకు కావలసిన క్యాలరీలు వస్తాయి.

మూడు నెలల లాబ్రడార్ పిల్ల, 10 కిలోలు: 1000, వర్గమూలం రెండుసార్లు తీస్తే 5.62. × 70 = 394. × 3 = 1181 క్యాలరీలు. పైన చెప్పిన 343 క్యాలరీల ఫుడ్ అయితే రోజుకు 344 గ్రాములు. పది కిలోల సంచి 29 రోజులు వస్తుంది. సరిగ్గా సరిపోయింది. 20 కిలోలది వద్దు.

రెండు కిలోల షిట్జు పిల్ల: 8, వర్గమూలం రెండుసార్లు తీస్తే 1.68. × 70 × 3 = 353 క్యాలరీలు, 103 గ్రాములు. మూడు కిలోల ప్యాకెట్ 29 రోజులు. అంతకు మించి కొనొద్దు.

నియమం: విప్పిన సంచి నాలుగు వారాల్లో అయిపోవాలి. చలికాలంలో ఆరు వారాల దాకా లాగొచ్చు. ఈ గ్రాములు మొదటి అంచనా మాత్రమే. పిల్ల ఒళ్లు చూసి పదో వంతు చొప్పున పెంచడం, తగ్గించడం మీ చేతిలో ఉంటుంది.

8. ఇంటికొచ్చిన రోజు చేయాల్సిన పని

మార్కర్‌తో సంచి మీద విప్పిన తేదీ రాయండి. వెంటనే ఒక గుప్పెడు గింజలు జిప్ కవర్‌లో పోసి, గాలి పిండి, ఫ్రీజర్‌లో పడేయండి. ఇది మీ నమూనా, తర్వాత పోల్చి చూసుకోవడానికి.

గింజలను డబ్బాలో ఒంపేయకండి. సంచితో సహా డబ్బాలో దించి, ప్రతిసారీ గాలి నొక్కేసి మూతి మడిచి క్లిప్ పెట్టండి. లోపలి పొర నూనె కోసం తయారుచేసిందే. పైగా బ్యాచ్ నంబరు, తేదీ దగ్గరే ఉంటాయి. ప్లాస్టిక్ డ్రమ్ములో నేరుగా పోస్తే గోడలకు నూనె పొర పడుతుంది. ఆ పాత పొర కొత్త ఫుడ్‌ను కూడా త్వరగా పాడుచేస్తుంది. గింజలను నేరుగా డబ్బాలో పోయక తప్పకపోతే ప్రతి సంచికీ సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి పోయండి. ఇత్తడి, రాగి, తుప్పు పట్టిన ఇనుము వద్దు, అవి నూనె పాడవడాన్ని ఎగదోస్తాయి.

27 డిగ్రీల లోపు ఉంచాలని నియమం. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో ఏసీ లేకుండా అది కుదరదు. అప్పుడు ఇలా చేయండి: వారానికి సరిపడా పొట్లాలు కట్టి, గాలి పిండి ఫ్రీజర్‌లో పెట్టండి. వాడే ముందు పొట్లం విప్పకుండానే గది వేడికి రానివ్వండి. చల్లగా ఉండగా విప్పితే గింజల మీద తేమ పట్టి బూజు వస్తుంది. ఫ్రీజర్‌లో చోటు లేకపోతే లోపలి గదిలో, నేల మీద. పొయ్యి పక్క, ఫ్రిజ్ పైన, కారు డిక్కీ మూడూ వద్దు. చీమలకు భయపడి చుట్టూ చీమల చాక్‌పీస్ గీయకండి, డబ్బాను నీళ్ల పళ్లెంలో నిలబెట్టండి.

9. వారానికోసారి వాసన చూడండి

1. ఫ్రీజర్ నమూనాలోంచి పది గింజలు, సంచిలోంచి పది గింజలు తీయండి. నమూనా గది వేడికి వచ్చేదాకా ఆగండి.
2. రెండు స్టీలు గ్లాసుల్లో విడివిడిగా వేసి, గోరువెచ్చటి నీళ్లు రెండు చెంచాలు పోసి, ఐదు నిమిషాలు మూత పెట్టండి.
3. మూత తీసి వెంటనే వాసన చూడండి, ముందు నమూనా, తర్వాత రెండోది.

తేడా లేకపోతే సరే. రెండోదాంట్లో ఎండుకొబ్బరి చెడినప్పుడు వచ్చే కనరు వాసన, పాత జంతికల డబ్బా వాసన, కొత్త పెయింటు వాసన, వీటిలో ఏది తగిలినా ఆ సంచి అయిపోయింది. చేపనూనె ఉన్న ఫుడ్‌కి చేప వాసన సహజం. నమూనా పక్కన ఉన్నది అందుకే, మొదట్లో ఎంత ఉందో అది చెబుతుంది.

ఈ పరీక్షకు హద్దు ఉంది. నూనె పాడవడం మొదలైన తొలి దశలో వాసనే రాదు. గింజలకు పూసే రుచి పూత కూడా కొంత కప్పేస్తుంది. ముక్కు పట్టుకుందంటే ఆలస్యమైందనే అర్థం, పట్టుకోలేదంటే బాగుందని కాదు. అందుకే నాలుగు వారాల నియమాన్ని వాసన బాగుందని పొడిగించకండి. టిష్యూ కాగితంలో గింజను నొక్కి నూనె మరక చూసే పరీక్ష ఒకటి తిరుగుతోంది. అది పైపూత ఎంతుందో చెబుతుందే తప్ప అది మంచిదో కాదో చెప్పదు.

ల్యాబ్‌కి పంపాలనుకుంటే నూనె పాడవడాన్ని కొలిచే పెరాక్సైడ్ విలువ ఒక్కటే అడగకండి. నూనె పాడవుతుంటే అది పెరిగి, బాగా పాడయ్యాక మళ్లీ తగ్గుతుంది. బాగా పాడైన నూనె కూడా తక్కువ అంకెతో పాసవ్వొచ్చు. ఆ తర్వాతి దశను పట్టే అనిసిడిన్ విలువ కూడా కలిపి చేయించండి.

కంపెనీకి రాయాల్సిన ఉత్తరం

కస్టమర్ కేర్ మెయిల్‌కి బ్యాచ్ నంబరుతో ఈ ఐదూ అడగండి: సగటు విశ్లేషణ (కనీసాలు కాదు), కిలోకి క్యాలరీలు, కొవ్వు ఏ జంతువుది లేదా ఏ గింజది, ఈపీఏ, డీహెచ్ఏ ఎంత శాతం, క్యాల్షియం ఎంత. అంకెలతో జవాబు వస్తే మంచి గుర్తు. ‘మా ఫుడ్ వెటర్నరీ నిపుణుల పర్యవేక్షణలో’ అని మొదలై అంకె లేకుండా ముగిస్తే అది కూడా జవాబే.

పైన కలిపేవాటిలో జరిగే తప్పులు

నెయ్యి, కొబ్బరినూనె: ‘బొచ్చు మెరుస్తుంది’ అని చెంచాల కొద్దీ పోస్తారు. రెండింటిలోనూ లినోలిక్ చాలా తక్కువ. క్యాలరీలు పెరుగుతాయి, మిగతా పోషకాలు పలచబడతాయి. బొచ్చుకి కావలసింది అందదు.

పెరుగన్నం: గింజల్లో సగానికి సగం అన్నం కలిపితే సంచి మీద ఉన్న చాలా పోషకాల అంకెలు దాదాపు సగమవుతాయి. అన్నంలో కొవ్వు దాదాపు లేదు. బయటి తిండి ఏదైనా రోజు క్యాలరీల్లో పదో వంతు దాటకూడదు.

మటన్ కొవ్వు, చికెన్ తోలు, బిర్యానీ మిగులు: ఒక్కసారి ఎక్కువ కొవ్వు పడితే పాంక్రియాస్ (క్లోమం) వాచే ప్రమాదం. వాంతులు ఆగకపోవడం, ముందుకాళ్లు వాల్చి వెనకభాగం ఎత్తి నిలబడడం, కడుపు ముట్టుకోనివ్వకపోవడం కనిపిస్తే ఆరోజే డాక్టరు దగ్గరికి.

కాడ్ లివర్ ఆయిల్: ఇది చేపనూనె కాదు, చేప కాలేయపు నూనె. ఏ, డీ విటమిన్లు దట్టంగా ఉంటాయి. సంపూర్ణ ఆహారం తినే పిల్లకు పోస్తే మోతాదు మించుతుంది. క్యాల్షియం సిరప్ సంగతీ అంతే, ముఖ్యంగా పెద్ద జాతులకు. డాక్టరు రక్తం, ఎక్స్‌రే చూసి చెబితే తప్ప వద్దు.

డీహెచ్ఏ తక్కువున్న ఫుడ్ తప్పక వాడుతున్నారా? కోస్తాలో కవళ్లు అనే సార్డైన్ చేపను ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, వారానికి రెండుసార్లు పదో వంతు హద్దులో పెట్టండి. ఎండుచేప వద్దు. ఉప్పు ఒక కారణం, ఎండలో ఆరిన దాని నూనె పాడై ఉండడం ఇంకో కారణం.

మార్చేటప్పుడు, ఆ తర్వాత చూసుకోవాల్సినవి

10 శాతం ఫ్యాట్ ఫుడ్ నుంచి 18 శాతానికి ఒక్కరోజులో దూకితే విరేచనాలు ఖాయం, తప్పు కొత్త ఫుడ్ మీద పడుతుంది. మొదటి రెండు రోజులు పావు వంతు కొత్తది, తర్వాతి రెండు రోజులు సగం, ఇంకో రెండు రోజులు ముప్పావు, ఏడో రోజు పూర్తిగా. పలచబడితే ఒక మెట్టు వెనక్కి వచ్చి రెండు రోజులు ఆగండి. టీకాలు పూర్తికాని పిల్లకు నెత్తుటి విరేచనాలు, వాంతులు వస్తే ఫుడ్ గురించి ఆలోచిస్తూ కూర్చోకండి. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు అనుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

ఒళ్లు: పిల్ల పక్కటెముకల మీద వేళ్లు నడపండి. మీ అరచేయి కిందికి చాపి, చేతి వెనక ఎముకలు తడిమితే ఎలా తగులుతాయో అలా ఉండాలి. పిడికిలి కణుపుల్లా గుచ్చుకుంటే చాలడం లేదు. అరచేతిలో బొటనవేలి కింద కండలా మెత్తగా ఉంటే ఎక్కువైంది, పదో వంతు తగ్గించండి. లాబ్రడార్ ఆకలి చూపుని నమ్మకండి. కొన్ని లాబ్రడార్లలో తృప్తి సంకేతానికి చెందిన పీఓఎంసీ జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనుక్కున్నారు. ఎంత పెట్టినా ఇంకా అడగడం వాటి తప్పు కాదు.

విరేచనం: గట్టిగా, రూపు నిలిచేలా ఉండాలి. బూడిదరంగులో, జిడ్డుగా తేలుతుంటే కొవ్వు అరగడం లేదు. డాక్టరుకి చూపండి.

బొచ్చు: ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాకే తీర్పు చెప్పండి. రెండు వారాల్లో మెరుపు కోసం చూస్తే నెలకో బ్రాండు మారుస్తూనే ఉంటారు. ఎనిమిది వారాల తర్వాత కూడా పొట్టు రాలుతూ, గరుగ్గా ఉంటే ముందు గోమార్లు, గజ్జి, ఫంగస్ లేవని తేల్చుకుని ఆ తర్వాతే ఫుడ్‌ని అనుమానించండి.

సంచి అడుక్కి వచ్చేసరికి పిల్ల గింజలు వాసన చూసి వెళ్లిపోతోందా? కొత్త సంచి విప్పగానే ఆబగా తింటోందా? అది మారాం కాదు. దాని ముక్కు మీ ముక్కు కన్నా ముందే నూనె సంగతి పట్టేసింది. ఆ మిగిలిన గింజలను వీధికుక్కలకు పెట్టేయకండి, వాటికీ అది పాడైన నూనే. బ్యాచ్ నంబరు, విప్పిన తేదీ ఫొటో తీసి దుకాణానికి తిప్పి ఇవ్వండి. తర్వాతిసారి ఒక సైజు చిన్న ప్యాకెట్ కొనండి.